కోయకూడని చోటు

బద్వేలు సిద్ధవటం రోడ్డులో ఒక వెల్డింగు షెడ్డు ముందు ఈ వారం పాత జీపు ఒకటి పూర్తిగా విప్పి పెట్టి ఉంది. మహీంద్రా ఎంఎం 540, తొంభైల నాటి బండి. బాడీ వేపచెట్టు కింద ఇటుకల మీద, ఇంజను పాత లారీ టైరులో, మధ్యలో ఛాసీ ఒక్కటే స్టాండ్ల మీద. బండి తాతది. మనవడికి బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం. ఏళ్ళ తరబడి కొట్టంలో పడున్న బండిని ట్రాక్టరుకు కట్టి బద్వేలుకు లాక్కొచ్చాడు. మేస్త్రికి ఫోనులో బొమ్మలు చూపిస్తున్నాడు.

"థార్ మాదిరి కావాలన్నా. టైర్లు పెద్దవి ఎయ్యాల, కమాన్ కట్టలు లేపాల, ముందర పెద్ద బంపరు, పైన లైట్ల బారు. వెనక ఇంగొక అడుగున్నర పెంచితే ఎదురెదురు సీట్లు పడతాయి గదా?"

మేస్త్రి ఆ బొమ్మలు సరిగా చూడను కూడా లేదు. చిన్న సుత్తి పట్టుకొని ఛాసీ వెంట వంగి నడుస్తున్నాడు. జానెడుకొక దెబ్బ. ఖంగ్, ఖంగ్, ఖంగ్. వెనక కమాన్ కట్ట షాకిల్ దగ్గరికొచ్చేసరికి శబ్దం మారిపోయింది. బద్దుమంది. రంగు పైపైన బాగానే ఉంది. స్క్రూడ్రైవరు పెట్టి పొడిస్తే లోపలికి దిగిపోయింది, తుప్పు పొరలు పొరలుగా రాలింది. "ముందు ఇది సూడు నాయనా. లైట్ల సంగతి మళ్ళ మాట్లాడదాం" అన్నాడు.

నేను వేరే పని మీద వెళ్ళినవాణ్ణి, మధ్యాహ్నం దాకా అక్కడే ఉండిపోయాను. ఆ చెయ్యి చేసే పని అట్లాంటిది. తుప్పు తిన్న ముక్కను కోసేసి, ఛాసీ మందానికి సరిపోయే ప్లేటు తెచ్చాడు. ప్లేటు చివర్లు నిలువుగా ఉంచలేదు, ఏటవాలుగా కోశాడు. ఎందుకని అడిగాను. అతుకు ఛాసీకి అడ్డంగా పడితే, వెల్డింగు వేడికి పక్కనున్న ఇనుము పెళుసెక్కుతుందట. గుంతలో పడిన ప్రతిసారీ విసురంతా ఆ ఒక్క గీత మీదే పడి, కొన్నాళ్ళకు సరిగ్గా అక్కడే చీలుతుందట. ఏటవాలుగా ఉంటే ఆ విసురును పొడవునా పంచుకుంటుంది. పైఅంచుకు, కిందిఅంచుకు అడ్డంగా రాడ్డు తాకనివ్వలేదు. పక్కన చిన్న చీలిక కనబడితే, అది ఎక్కడ ముగిసిందో సుద్దతో గుర్తు పెట్టి, ఆ కొసన డ్రిల్లుతో సన్నని బెజ్జం వేశాడు. చీలిక అంతకంటే ముందుకు పాకదు. ఆ తర్వాతే దాన్ని మూశాడు. వెల్డింగు కూడా ఏకబిగిన లాగించలేదు. ఇటు రెండంగుళాలు, అటు రెండంగుళాలు, చల్లారేదాకా బీడీ. వేడంతా ఒక పక్కే తగిలితే ఛాసీ మెలి తిరుగుతుంది. చివర్లో ఆ మనవడి చేత టేపు పట్టించి మూల నుంచి మూలకు కొలిచాడు. రెండు కొలతలూ కలిశాయి. మేస్త్రి ముఖంలో సంతోషం నేను చూశాను. ఆ టేపు పట్టుకున్న కుర్రాడి ముఖంలోనూ చూశాను.

ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా పాత గోడు తెలిసిందే. సీమ అనగానే సుమోలు గాల్లోకి లేచే సినిమాలు గుర్తొస్తాయి జనానికి. 1999 తర్వాత ఆ బొమ్మను అచ్చుగుద్ది దేశమంతా పంచారు. మా నేల మీద నాలుగు చక్రాల బండి చేసిన అసలు పని ఏమిటో ఒక్క రీలులోనూ రాలేదు. పురుటి నొప్పులు పడే ఆడమనిషిని అర్ధరాత్రి బద్వేలు ఆస్పత్రికి చేర్చింది జీపు. వేరుశనగ విత్తనాలు మోసింది, బోరు మోటారు మోసింది, పదో తరగతి పరీక్షకు పిల్లల్ని మోసింది. బస్సు రాని ఊళ్ళకు బస్సయింది. ఆ జీపును అట్లా తయారు చేసింది బొంబాయి ఫ్యాక్టరీ కాదు, మా షెడ్లలోని చేతులు. ఇది ఎన్నిసార్లు రాసినా నాకు విసుగు రాదు.

ఫ్యాక్టరీ కథ చిన్నది. 1947లో అమెరికా విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించుకొని బిగించడంతో మహీంద్రా వాళ్ళ బండి పని మొదలైంది. తర్వాత సీజే 3బీ వచ్చింది. చక్రాల మధ్య దూరం 80 అంగుళాలు, 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను. ఎనభైల్లో ఫ్రెంచి ప్యూజో డిజైను డీజిల్ ఇంజను వచ్చాక బండి గతే మారిపోయింది. ఎంఎం 540లో ఉన్నది అదే, 2,112 సీసీ. గేరు కడ్డీ పక్కన ఇంకో రెండు చిన్న కడ్డీలుంటాయి. ఒకటి నాలుగు చక్రాలకూ లాగుడు ఇచ్చేది, ఇంకొకటి లో గేరు. ఆ రెండూ వేసి క్లచ్చి వదిలితే, బురదలో అయినా రాళ్ళలో అయినా బండి ఆగకుండా పాకుతూ పోతుంది. ఇంత మాత్రం ఎవరికైనా తెలుసు. నేను చెప్పదలుచుకున్నది ఆ తర్వాతి కథ.

మా ఊరి సర్వీసు జీపు ఏదో ప్రభుత్వ ఆఫీసు వేలంలో పాడుకున్నది. తెలుగుగంగ కాలువ పనులు సాగిన కాలంలో తిరిగి తిరిగి అరిగిపోయిన బండి. మొదట పెట్రోలుది. దాని యజమాని మా పెదనాయన వరస. పెట్రోలు ఇంజను తాగే తాగుడు చూసి, రెండు పుట్ల వడ్లు అమ్మి డీజిల్ ఇంజను వేయించాడు. వేసింది బద్వేలులోనే. గేరుబాక్సుకు, కొత్త ఇంజనుకు మధ్య బోల్టు బెజ్జాలు కలవవు. మధ్యలో ఒక ప్లేటు కావాలి. ఆ ప్లేటును లేత్ మీద తిప్పించుకొచ్చారు. షాఫ్టు కేంద్రం వెంట్రుకవాసి పక్కకు పోయినా క్లచ్చి అదురుతుంది, బేరింగు నెలలు తిరక్కుండా పోతుంది. ఆ బండి ఏళ్ళు తిరిగింది, బేరింగు పోలేదు. డీజిల్ బరువుకు ముందు కమాన్ కట్టలు కుంగితే, ఒక్కోదానికి ఒక పట్టీ ఎక్కువ వేశారు. అడ్డాలు కొత్తగా కట్టారు. రేడియేటరు ముందుకు జరిపారు.

ఆ తర్వాత బాడీ. వెనక భాగం కోసి అడుగున్నర పొడిగించారు. యాంగ్లర్లతో చట్రం, దాని మీద 18 గేజి రేకు, అడుగున తుమ్మ పలకలు. ఎదురెదురుగా రెండు బల్లలు, మధ్యలో ఇంకో చిన్న బల్ల. పైన టార్పాలిన్ పరదా. వెనక నిలబడే వాళ్ళకు ఇనుప మెట్టు, పట్టుకునేందుకు పైపు. టాపు మీద కోళ్ళ గంపలు, టమేటా బుట్టలు. ఆ బాడీ కట్టిన మేస్త్రి విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీల దగ్గర పని నేర్చుకొని వచ్చినవాడు. 1966లో మొదలైన ఆటోనగర్ నుంచి ఇట్లాంటి చేతులు మన జిల్లాలన్నిటికీ చేరాయి. ముందు అద్దం పైన చిన్న రేకు గొడుగు లాగా వంచి దాని మీద దేవుడి పేరు రాయించాడు. ఎండ కళ్ళలో పడకుండా ఆ వంపు ఎంత ఉండాలో కొలత లేదు, డ్రైవరును కూర్చోబెట్టి చూసి వంచాడంతే.

ఆ జీపు ఊళ్ళోకి వచ్చిన రోజు కొబ్బరికాయలు కొట్టాం. బద్వేలు సంతకు పొద్దున రెండు ట్రిప్పులు, సాయంత్రం రెండు. శివరాత్రికి లంకమల. 1986లో కలివికోడి మళ్ళీ కనిపించి, 1988లో అభయారణ్యమైన తర్వాత ఆ అడవి పేరు ప్రపంచమంతా తెలిసింది గానీ, మాకు అంతకుముందే అది శివుడి కొండ. రాళ్ళ వంకలు దాటే ఆ దారిలో ముసలివాళ్ళను, చంటిపిల్లల తల్లులను మోసుకుంటూ పోయేది. వంక ఒడ్డున ఆగి, పెదనాయన ఆ చిన్న కడ్డీ వెనక్కి లాగేవాడు. లోపలున్నవాళ్ళంతా ఒక్కసారి మాటలాపేవాళ్ళు. చక్రాలు రాళ్ళను కొరుక్కుంటూ ఎక్కేవి. అవతలి ఒడ్డు చేరాక హరహర మహాదేవ.

ఇట్లాంటి పని మా ఒక్కరిదే కాదు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికా సైన్యం మనీలాలో వదిలేసిన జీపుల్ని ఫిలిప్పీన్స్ జనం పొడిగించి, బల్లలు వేసి, రంగులు పూసి జీప్‌నీలు చేశారు. ఒక దేశపు ప్రజారవాణాయే దాని మీద నడిచింది. హర్యానా, పంజాబు సరిహద్దులోని మండీ డబ్వాలీలో సైన్యం వదిలించుకున్న జీపుల భాగాలు కొని, కొత్తవాటిలా నిలబెట్టే షెడ్లు వరసగా ఉండేవి. పెండ్లికి పోయే పంజాబీ కుర్రాళ్ళు అక్కడి బండే కావాలనేవాళ్ళు. పేద దేశంలో బండి అంటే ఒకసారి కొని పారేసే వస్తువు కాదు. ఛాసీ ఒకటి ఉంటే, దాని మీద తరం తరం తన అవసరం కట్టుకుంటుంది.

మరి చట్టం? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది ఒకటే మాట. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. రంగు మార్చుకోవచ్చు, చిన్నాచితకా బిగించుకోవచ్చు, బండి నిర్మాణం మాత్రం కంపెనీ చెప్పినట్టే ఉండాలి. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ముందర బిగించే పెద్ద ఇనుప బంపర్ల మీద 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది.

ఈ సెక్షన్ పేరు వింటేనే నాకు చాలాకాలం ఒళ్ళు మండేది. ఎర్రచందనం దుంగలు దాచడానికి జీపు అడుగున దొంగ అర కట్టేవాడూ, పురుటి మనిషి పడుకునేందుకు బల్ల కట్టేవాడూ ఒకే సెక్షన్ కింద నేరస్థులా? పూణేలో ఇంజనీరు గీస్తే డిజైను, బద్వేలులో మేస్త్రి గీస్తే తప్పా? చదువుకున్న చెయ్యి, చదువుకోని చెయ్యి అనే తేడా తప్ప ఇందులో ఇంకేముంది అని ఎన్నో సభల్లో మాట్లాడాను. ఇప్పటికీ ఆ ప్రశ్నలో సగం నాకు నిజమే.

ఆ రెండో సగం మా జీపు చివరి ట్రిప్పులో ఉంది.

పెండ్లి నుంచి తిరిగొస్తున్నారు. చెరువుకట్ట ఎక్కే దారి, నిట్రం. పొడిగించిన అడుగున్నరలో, వెనక మెట్టు మీద కలిపి ఎంతమంది ఉన్నారో లెక్క లేదు. వాళ్ళ బరువంతా వెనక చక్రాల అవతల పడింది. ఎత్తు ఎక్కేసరికి అది ఇంకా వెనక్కి జారి, ముందు చక్రాల మీద భారం తగ్గిపోయింది. స్టీరింగు తిరిగింది, బండి తిరగలేదు. బ్రేకు తొక్కితే కాలు అడుక్కు పోయింది. పాత జీపుకు నాలుగు చక్రాలకూ కలిపి బ్రేకు లైను ఒకటే, ఎక్కడ ఒక చుక్క కారినా మొత్తం పోయినట్టే. బండి వెనక్కి జారి కట్ట కిందికి దొర్లింది. ఇద్దరు చనిపోయారు. ఒకడు నాతో పదో తరగతి చదివినవాడు.

ఊరు డ్రైవరును తిట్టింది. చెరువుకట్టను తిట్టింది, బస్సు వేయని ప్రభుత్వాన్ని తిట్టింది. ఆ అడుగున్నర గురించి ఒక్కరం మాట్లాడలేదు. ఇంజను అంత చక్కగా కూర్చిన చేతులే ఆ అడుగున్నర కూడా కట్టాయి. ఇంజను మార్చినప్పుడు బరువెక్కిందని కమాన్ పట్టీ వేశారు, అడ్డాలు మార్చారు, రేడియేటరు జరిపారు. బాడీ పొడిగించినప్పుడు మాత్రం రేకు, పలక, బల్ల తప్ప ఇంకేమీ మారలేదు. బ్రేకులు ఆ పొట్టి జీపువే.

అందుకే ఈ వారం షెడ్డులో అడుగున్నర మాట వినగానే నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. మేస్త్రి ఏమంటాడా అని. డబ్బు ఇచ్చే గిరాకీ, దసరా దగ్గర, పని లేని కాలం.

"ఆ పని నేను చెయ్యను నాయనా."

"ఎందుకన్నా? ఎంతయితే అంత ఇస్తా గదా."

"డబ్బు గాదు. ఈ బండి ఇంతకే పుట్టింది. ఈడ దాకా కోసుకో, నీ ఇష్టం" అని బాడీ రేకు మీద చెయ్యి పెట్టాడు. తర్వాత ఛాసీ మీద పెట్టాడు. "ఇది కొయ్యకూడదు. దీని వెనక బరువు యాలాడదీయకూడదు. నేను కోసి అతికిచ్చా, గట్టిగానే ఉంటాది. ఆ అతుకు గట్టిగుంటే సాలదు. బ్రేకు, స్టీరింగు, కమాన్లు అన్నీ మళ్ళ లెక్కెయ్యాల. ఆ లెక్క నాకు రాదు. వచ్చుననే వాడు నీకు అబద్ధం జెప్తాండాడు."

ఈ మనిషి 52వ సెక్షన్ చదవలేదు. కోర్టు చెప్పిన దాన్నే తన సుత్తితో చెప్పాడు. నిర్మాణం జోలికి పోవద్దనే ఆ నియమం సరైనదే అని నేను ఈ రోజు రాస్తున్నాను. షెడ్డు చేతుల్ని అవమానించే నియమం అని దాన్ని ఇక నేను అనను. ఈ పనిలో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు తనకు తానే పెట్టుకునే హద్దు అది. పనితనం అంటే ఏదైనా చెయ్యగలగడం అని మనం ఎప్పుడూ పొగుడుతుంటాం. ఆ షెడ్డులో నేను చూసిన గొప్ప పనితనం ఆ ఏటవాలు ప్లేటు, దాంతోపాటు ఆ "చెయ్యను".

టైర్ల మాట కూడా తేల్చేశాడు. కంపెనీ ఇచ్చింది 6.00-16 సైజు. దాని కంటే బాగా పెద్దవి వేస్తే బండి ఎత్తు లేస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. లాగుడు తగ్గుతుంది, మీటరు తక్కువ వేగం చూపిస్తుంది, అంత పెద్ద చక్రాన్ని ఆపడానికి అవే డ్రమ్ములు కష్టపడాలి. కమాన్ కట్టలు లేపితే స్టీరింగు కడ్డీ వాలు మారి, గుంత తగిలిన ప్రతిసారీ బండి తనంతట తానే ఒక పక్కకు లాగుతుంది. కిందికి పోయే బ్రేకు పైపు పొట్టిదై బిగుసుకుంటుంది. ఇవన్నీ కుర్రాడికి చెప్పాడు, కోప్పడకుండా, ఒక్కో భాగం చేత్తో పట్టి చూపిస్తూ. చివరికి ఒప్పందం ఇది. ఛాసీ తుప్పు తీసి సరిచెయ్యడం, కంపెనీ సైజు టైర్లు, కొత్త కమాన్ పట్టీలు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, బ్రేకు పైపులు మొత్తం కొత్తవి. లైట్ల బారు డబ్బు అక్కడికి పోయింది. తాత కాలం నాటి ఆలివ్ పచ్చ రంగు. సీట్లు మాత్రం కుర్రాడి ఇష్టం.

నియమం సరైనదన్నంత మాత్రాన ఇప్పుడున్న పద్ధతి సరైనదని కాదు. ఇదే దేశంలో లారీ ఛాసీ కంపెనీ ఇస్తుంది, బాడీ ఆటోనగర్ కడుతుంది. బస్సు బాడీకి ఏఐఎస్ 052 అని, లారీ బాడీకి ఏఐఎస్ 093 అని ప్రమాణాలున్నాయి కాబట్టే అది చట్టబద్ధం. వికలాంగుల కోసం బండిని మార్చుకోవడానికి 52వ సెక్షన్‌లోనే దారి ఉంది. జర్మనీలో టీయూవీ వాళ్ళు మార్పును పరీక్షించి, ఒప్పుకుంటే బండి కాగితాల్లో ఎక్కిస్తారు. అంటే పరీక్షించే కన్ను ఉన్నచోట షెడ్డు పనికి గౌరవం ఉంది. అది లేనిచోట మంచి మేస్త్రీ, దొంగ అర కట్టేవాడూ ఒకే వరసలో నిలబడాల్సి వస్తోంది.

ఆ ఎంఎం 540కు ఇక రిజిస్ట్రేషన్ కావాలి. 15 ఏళ్ళు దాటిన సొంత బండికి ఐదేళ్ళకొకసారి తిరగరాయించాలి. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు ఒక్కసారిగా 600 నుంచి 5,000కు పెరిగింది. ఫీజు పెంచినవాళ్ళు తనిఖీ పద్ధతినీ ఒకసారి చూడాలి. ఇప్పుడు తనిఖీకి బండి వెళ్ళేది రంగు వేసి, మెరుగు పెట్టాక. అప్పటికి మంచి అతుకూ, పుట్టీ మెత్తి దాచిన చెడ్డ అతుకూ ఒకటే మాదిరి కనబడతాయి. పాత బండి ఛాసీకి మరమ్మతు జరిగితే, రంగు పడకముందే అధికారి ఒకసారి చూడాలి, వెల్డింగు చేసిన మేస్త్రి పేరు ఆ బండి కాగితాల్లో రాయాలి. ఈ మాట చెబితే మేస్త్రి వెంటనే అన్నాడు, "రమ్మనుండ్రి. నేను రెడాక్సైడ్ కూడా పుయ్యకుండా పెట్టింటా."

 బద్వేలు నుంచి నెల్లూరు వైపు నాలుగు వరసల రోడ్డుకు కేంద్రం 2025 మే నెలలో ఆమోదం తెలిపింది, 108 కిలోమీటర్లు. ఆ రోడ్డు మీద పాత జీపులు కూడా వేగంగా పోతాయి. రోడ్డు పూర్తయ్యేలోపు మన షెడ్ల దగ్గరికి నెలకొక రోజైనా తనిఖీ అధికారిని పంపమని రవాణా శాఖను అడుగుతున్నాను.